మావా నాటే మావా రాజ్: సభ నేర్చుకున్న ఊళ్లు

సభ అనేది మనకు ఎవరో బయటి నుంచి తెచ్చి నేర్పిన విద్య కాదు. గోండు ఊరికి పట్ల ఉన్నాడు, పూజ చేసే దేవారి ఉన్నాడు, ఇంటింటికీ కబురు చెప్పే హవల్దార్ ఉన్నాడు, పెద్దమనుషులుగా మహాజన్, కార్‌బారీ ఉన్నారు. విత్తనాలు చల్లే రోజు నుంచి పెళ్లి తగాదా వరకు, చేను సరిహద్దు నుంచి పండుగ చందా వరకు వీళ్లు ఊరి ముందు కూర్చుని తేల్చేవారు. పంచ్ అని దానికి పేరు. పోలీసు ఠాణా, తహసీలు కచేరి అనే మాటలు మన అడవుల్లోకి రాకముందు నుంచీ ఇది ఉంది. నేటికీ ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గూడేల్లో రాయి సెంటర్లు, సార్మేడీలు ఆ దారిలోనే తీర్పులు చెబుతున్నారు.

ఇలాంటి ప్రత్యేక సంచికల్లో మనం ఈ మాట చెప్పుకుని గర్వపడి అక్కడితో ఆగిపోతుంటాం. మన పూర్వీకులది ప్రజాస్వామ్యం, మనకు ఎవరూ నేర్పనక్కరలేదు అంటాం. అందులో సగమే నిజం. పాత పంచ్‌కు తగవు తీర్చడం తెలుసు. అడవి గురించి, గని గురించి, ఆనకట్ట గురించి సర్కారుతో కాగితం మీద మాట్లాడడం దానికి తెలియదు, ఎందుకంటే ఆ అవసరం దానికి ఎప్పుడూ రాలేదు. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. పంచ్‌లో ఆడవాళ్లు కూర్చునేవారు కాదు. ఊరి ఆచారాన్ని, కొత్త చట్టాన్ని రెండింటినీ కలిపి పట్టుకుని, సభ నడపడాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్న ఊళ్లు కొన్ని ఉన్నాయి. ఆ చరిత్ర మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. అందుకే ఈ వ్యాసం.

ముందు జోడేఘాట్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. 1940లో నిజాం పోలీసుల తుపాకులకు కొమరం భీమ్ నేలకొరిగాడు. భీమ్ అడిగినదాన్ని మనం జల్, జంగల్, జమీన్ అని మూడు మాటల్లో చెప్పుకుంటాం. ఆయన అడిగినది పన్నెండు ఊళ్ల మీద ఆ ఊళ్ల వాళ్ల అధికారం అని మన పెద్దలు మరచిపోలేదు. నేల కావాలనడం ఒకటి, నేల మీద నిర్ణయం మాది అనడం ఇంకొకటి. పట్టా ఇచ్చి మొదటిదాన్ని చల్లార్చవచ్చు. రెండోదానికి ఏ సర్కారు దగ్గరా సిద్ధంగా కాగితం ఉండదు.

ఆ కాల్పుల తర్వాత నిజాం ప్రభుత్వం కారణాలు తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాశాడు. 1943లో అక్కడే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించాడు, గోండి వాచకాలు తయారు చేయించాడు, భూమి పట్టాలకు దారి వేశాడు. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ కూడా ఆ కాలపుదే. అధికారులు వచ్చి కూర్చుంటారు, మనం కష్టాలు చెప్పుకుంటాం. ఆయన మేలును కాదనే మనిషి మనలో లేడు, మార్లవాయిలో ఆ దంపతుల సమాధుల దగ్గర ప్రతి ఏడాదీ పూలు పెడుతున్నాం. కానీ దర్బార్‌లో మనం అర్జీ పట్టుకుని నిలబడతాం, ఎదురుగా కుర్చీలో ఉన్నవాళ్లు నిర్ణయిస్తారు. గ్రామసభలో అర్జీ ఉండదు, తీర్మానం ఉంటుంది. ఈ తేడా తెలియనివాళ్లు గ్రామసభను కూడా చిన్న దర్బార్‌గా మార్చేస్తారు. మన ఏజెన్సీలో ఎక్కువ చోట్ల జరుగుతున్నది అదే.

ఇప్పుడు గోదావరి దాటి అవతలికి వెళ్దాం. ప్రాణహిత నదికి అటువైపు గడ్చిరోలి జిల్లా. రాష్ట్రం వేరైనా చుట్టరికాలు ఒకటే, గోండి భాష ఒకటే. 1970ల చివర, 1980ల మొదట్లో అక్కడి ఊళ్లకు ఒక పెద్ద భయం పట్టుకుంది. గోదావరి మీద ఇచ్చంపల్లి దగ్గర ఒక ఆనకట్ట, ఇంద్రావతి మీద భోపాలపట్నం దగ్గర ఇంకొకటి కట్టాలని ప్రభుత్వాలు పథకం వేశాయి. ఇచ్చంపల్లి మన వైపుదే. కట్టి ఉంటే ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ మూడు రాష్ట్రాల ఆదివాసీ ఊళ్లు, వేల ఎకరాల అడవి నీటి కిందికి పోయేవి. గోండు నాయకుడు లాల్ శ్యామ్ షా, బాబా ఆమ్టే వంటివాళ్లు ముందు నిలబడ్డారు. ‘అడవిని కాపాడు, మనిషిని కాపాడు’ అనే ఉద్యమం ఊరూరా తిరిగింది. చివరికి ఆ పథకాలు పక్కకు వెళ్లాయి. ఇచ్చంపల్లి పేరు మాత్రం నదుల అనుసంధానం వార్తల్లో ఇంకా తిరుగుతూనే ఉంది, కనుక ఈ కథ ముగిసిందని అనుకోకూడదు.

ఉద్యమం గెలిచాక సాధారణంగా జరిగేది ఏమిటి? జెండాలు చుట్టేస్తారు, నాయకులు ఇంకో చోటికి వెళ్తారు, ఊరు మళ్లీ పాత ఊరు అవుతుంది. గడ్చిరోలిలో కొందరు అలా వదలలేదు. ఆనకట్టను ఆపగలిగిన జనం తమ ఊరిని తామే నడుపుకోలేరా అని అడిగారు. ధనోరా తాలూకాలోని మేండా అనే చిన్న గోండు ఊరు ఆ ప్రశ్నను పట్టుకుంది. జనాభా అయిదు వందలకు లోపే. లేఖా అనే గ్రామ పంచాయతీలో అది ఒక ఊరుగా ఉండేది, అందుకే బయటివాళ్లు మేండా లేఖా అని కలిపి పిలుస్తారు. ఆ ఊరి మనిషి దేవాజీ తోఫా, ఉద్యమం నుంచి వచ్చిన కార్యకర్త మోహన్ హిరాబాయి హిరాలాల్. వీళ్లిద్దరి పేర్లు ఈ కథలో తరచు వినిపిస్తాయి. అయితే ఇది ఇద్దరు నాయకుల కథ కాదు. అలా చెబితే ఆ ఊరివాళ్లే ఒప్పుకోరు.

ఆ ఊరి నినాదం మనకు కొత్తది కాదు. ‘మావా నాటే మావా రాజ్’, అంటే మా ఊళ్లో మా రాజ్యం. భీమ్ పేరుతో పాటు మన సభల్లో వినిపించే మాటే. మేండా వాళ్లు దానికి ఇంకో ముక్క కలిపారు. దిల్లీలో, ముంబైలో మా ప్రభుత్వం ఉంది, మా ఊళ్లో మేమే ప్రభుత్వం అన్నారు. జాగ్రత్తగా వినండి, దిల్లీ మాది కాదు అని అనలేదు. అది కూడా మాదే, మేం ఓటు వేసి పంపినదే. కానీ ఊళ్లో మాత్రం మా తరఫున ఇంకొకరు అక్కర్లేదు, మేమే కూర్చుంటాం అన్నారు. ఈ మాటలో తిరుగుబాటు ఎంతుందో రాజ్యాంగం మీద నమ్మకం అంతే ఉంది.

మొదట వచ్చిన తగాదా ఘోటుల్ మీద. ఘోటుల్ అంటే యువతీ యువకులు కలిసి పాట, పని, ఆచారం నేర్చుకునే ఇల్లు. మన పెద్దలకు తెలిసినదే. మేండా వాళ్లు దాన్ని మళ్లీ కట్టుకోవాలని ఊరంతా కలిసి నిర్ణయించి అడవి నుంచి కలప తెచ్చి నిలబెట్టారు. అటవీశాఖ వచ్చి, అనుమతి లేని టేకు అని చెప్పి కూల్చి కలప పట్టుకుపోయింది. ఇలాంటి చోట కేసులకు భయపడి ఊరు చల్లబడడమే మనం చూసింది. ఇక్కడ చుట్టుపక్కల ఊళ్లు కూర్చుని, మేండాలో కూల్చితే మా ఊళ్లలోనూ కడతాం అని తీర్మానించాయి, కట్టాయి. ఎన్నింటిని కూలుస్తారు? శాఖ వెనక్కి తగ్గింది. ఊరంతా ఒకే మాట మీద ఉంటే ఆ మాటకు బరువు వస్తుందని వాళ్లు పుస్తకంలో చదవలేదు, ఆ కలప దగ్గర నేర్చుకున్నారు.

ఒకే మాట మీద ఉండడం అనే పద్ధతి మేండాకు ప్రాణం. గ్రామసభలో చేతులెత్తి లెక్కపెట్టడం లేదు. ఎక్కువమంది ఒకవైపు ఉన్నారు కనుక తక్కువమంది నోరు మూసుకోవాలి అనే సూత్రాన్ని వాళ్లు ఒప్పుకోలేదు. ఒక్కరు కాదన్నా విషయం ఆగుతుంది. మళ్లీ మాట్లాడతారు, ఇంకో సభకు వాయిదా వేస్తారు, ఆ కాదన్న మనిషి ఎందుకు అన్నాడో వింటారు. ఇది ఆలస్యం కాదా అని అడగవచ్చు. ఆలస్యమే. కానీ పెద్ద ఊరిలో ఓటు వేసి ఓడిపోయినవాడు ఇంటికి పోయి పడుకోవచ్చు. ఎనభై తొంభై ఇళ్ల గూడెంలో ఓడిపోయినవాడు తెల్లారితే అదే బావి దగ్గరికి రావాలి, అదే చేను గట్టు మీద నడవాలి. రాజకీయ పార్టీలు మన గూడేలను రెండుగా, మూడుగా చీల్చిన తీరు చూసినవాళ్లకు ఈ పద్ధతి విలువ వేరేగా చెప్పనక్కరలేదు.

అయితే అందరూ ఒప్పుకోవాలంటే అందరికీ విషయం తెలిసి ఉండాలి. లేకపోతే తెలిసిన ఒక్కడు చెప్పినదానికి మిగతావాళ్లు తల ఊపుతారు, దానికి ఏకాభిప్రాయం అని పేరు పెట్టుకుంటారు. మేండా చేసిన అసలు పని ఇక్కడ ఉంది. సభ పక్కనే ఇంకో కూటమి పెట్టుకున్నారు. మరాఠీలో దాన్ని అభ్యాస్ గట్ అంటారు, మన మాటలో చదువుకునే బృందం. ఇష్టమున్నవాళ్లు వచ్చి కూర్చోవచ్చు. ఒక చట్టం గురించో, ఒక పథకం గురించో, అడవిలో ఒక చెట్టు గురించో మాట్లాడుకోవచ్చు. తెలిసిన బయటి మనిషిని పిలిపించి అడగవచ్చు. వాదించవచ్చు. కానీ అక్కడ ఏ నిర్ణయమూ చేయరు. నిర్ణయం చేసేది గ్రామసభ ఒక్కటే. గ్రామసభలో బయటివాళ్ల సలహా నడవదు, చదువుకునే బృందంలో నడుస్తుంది. తెలుసుకోవడాన్ని, తేల్చడాన్ని ఇలా వేరు చేయడం నాకు చాలా తెలివైన ఏర్పాటుగా కనిపిస్తుంది. తెలుసుకునే చోట తప్పు మాట్లాడినా నష్టం లేదు, కాబట్టి భయం లేకుండా మాట్లాడతారు. తేల్చే చోట ఎన్జీవో వాళ్లు గానీ ఆఫీసర్లు గానీ ఊరి నెత్తిన కూర్చోలేరు.

ఈ చదువు ఎంత చిన్న విషయాల మీద సాగిందో చెప్పాలంటే తేనె ఒక్కటి చాలు. తేనె తీయాలంటే మంట పెట్టి ఈగలను చంపి పట్టును కోసుకోవడం అలవాటు. బృందంలో తేనెటీగల బతుకు గురించి మాట్లాడుకున్నారు, పట్టులో తేనె ఎక్కడ ఉంటుంది, పిల్లలు ఎక్కడ ఉంటాయి అని గమనించారు. ఈగలను చంపకుండా తేనె ఉన్న భాగం మాత్రం తీసే పద్ధతి నేర్చుకున్నారు. అడవిని కాపాడాలి అని గోడల మీద రాసే శాఖకు రాని ఆలోచన, అడవిలో బతికేవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే వచ్చింది.

సారా గురించి కూడా సభలో చాలాకాలం నలిగింది. విప్ప సారా మన ఆచారంలో ఉంది, పెన్‌కు పెట్టకుండా పండుగ జరగదు. తాగి ఇంటికొచ్చి కొట్టే మగవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లు సభలోకి వచ్చి మాట్లాడకపోతే ఈ చిక్కు విడిపోయేది కాదు. మేండా గ్రామసభలో ఆడవాళ్లు లేకుండా నిర్ణయం జరగదు అనే నియమం ఇలాంటి చర్చల్లోంచే గట్టిపడింది. పాత పంచ్‌కు, కొత్త సభకు మధ్య ఉన్న పెద్ద తేడా ఇదేనని నా అభిప్రాయం. సంప్రదాయాన్ని కాపాడుకోవడమంటే దాన్ని ఉన్నదున్నట్టు అద్దాల పెట్టెలో పెట్టడమని మనలో కొందరు పెద్దలు అనుకుంటారు. మేండా పెద్దలు అలా అనుకోలేదు.

అడవి విషయంలో నియమాలు వరుసగా వచ్చాయి. ఊరికి అవసరమైనంత కట్టె తెచ్చుకోవాలి, బయటికి అమ్మకానికి నరకకూడదు, అడవిని కొట్టి కొత్త చేలు చేయకూడదు, నిప్పు పెట్టకూడదు, కాపలా ఊరివాళ్లే తిరగాలి. గ్రామసభ ద్వారా దొరికిన పనిలో వచ్చిన కూలిలో పదో వంతు గ్రామ నిధికి ఇవ్వాలి. ఆ అడవిలోని వెదురు మీద ఒక కాగితపు మిల్లుకు ఎన్నో ఏళ్లుగా ప్రభుత్వం లీజు ఇస్తూ వచ్చింది. మా ఇంటి కప్పుకు వెదురు కోస్తే నేరం, మిల్లు లారీలతో తీసుకుపోతే అభివృద్ధా అని సభ అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

ఈలోగా చట్టం మన వైపు కొంచెం కదిలింది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చినప్పుడు షెడ్యూల్డు ప్రాంతాలను దాని నుంచి మినహాయించారు. వాటికి ఎలాంటి పాలన ఉండాలో చెప్పమని దిలీప్ సింగ్ భూరియా అధ్యక్షతన కమిటీ వేశారు. బస్తర్‌లో కలెక్టరుగా పనిచేసి, తర్వాత ఎస్సీ ఎస్టీ కమిషనరుగా ఉన్న బీడీ శర్మ లాంటివాళ్లు ఊరూరా తిరిగి, గ్రామసభే మొదటి ప్రభుత్వమని వాదించారు. 1996 డిసెంబరు 24న పెసా చట్టం వచ్చింది. అందులో ఊరు అంటే రెవెన్యూ గ్రామం కాదు, పంచాయతీ కాదు. తన ఆచారాల ప్రకారం తన పనులు చక్కబెట్టుకునే ఆవాసం, లేదా కొన్ని ఆవాసాల గుంపు. అంటే మన గూడెం. ఒక గూడెం తన సభ తాను పెట్టుకోవచ్చని దేశపు పార్లమెంటు ఒప్పుకుంది. ఈ ఒక్క వాక్యం మన పిల్లల చేత పలకల మీద రాయించదగింది.

పదేళ్ల తర్వాత 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. పోడు పట్టా గురించి మాత్రమే దీన్ని మనం గుర్తు పెట్టుకున్నాం. కానీ అందులో సామూహిక అటవీ వనరుల హక్కు అని ఇంకొకటి ఉంది. ఊరు తరతరాలుగా వాడుకుంటూ కాపాడుకుంటున్న అడవి మొత్తం మీద ఆ ఊరి గ్రామసభకు హక్కు. మేండా, పక్కనే ఉన్న మర్దా ఊరు 2009లో ఈ హక్కు పత్రం పొందాయి. దేశంలో మొదట పొందిన ఊళ్లు ఇవే. మేండాకు వచ్చినది సుమారు 1,800 హెక్టార్ల అడవి. అయిదు వందల మంది కూడా లేని ఊరికి! ఇరవై ఏళ్లుగా సభ పుస్తకంలో రాసుకుంటూ వచ్చిన నియమాలు, కాపలా లెక్కలు ఆ ఊరి చేతిలో సిద్ధంగా ఉన్నాయి. చట్టం వచ్చాక పరుగులు పెట్టి సాక్ష్యాలు వెతుక్కోవలసిన పని పడలేదు.

హక్కు పత్రం వచ్చినా వెదురు కదలలేదు. గడ్డి జాతి మొక్క అయిన వెదురును 1927 నాటి అటవీ చట్టం చెట్టుగా లెక్కపెట్టింది. కొత్త చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురును పేరు పెట్టి చేర్చింది. కిందిస్థాయి అధికారులు పాత చట్టాన్నే పట్టుకుని రవాణా పాసు ఇవ్వలేదు. అమ్ముకునే హక్కు ఉంది, ఊరు దాటించే హక్కు లేదు. చివరికి 2011 ఏప్రిల్ 27న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్, మహారాష్ట్ర ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్ ఆ ఊరికి వెళ్లి రవాణా పాసుల పుస్తకాన్ని గ్రామసభ చేతికి ఇచ్చారు. ఆ తర్వాత గ్రామసభ తానే టెండరు పిలిచి, తానే ధర మాట్లాడి వెదురు అమ్మింది. ఒకప్పుడు మిల్లు కూలీలుగా కోసిన వెదురును యజమానులుగా అమ్మారు. లెక్కలు సభలో చదివారు.

2013లో మేండా ఇంకో అడుగు వేసింది. మహారాష్ట్ర గ్రామదాన చట్టం ప్రకారం ఊరి రైతులు తమ సాగుభూములను గ్రామసభ పరం చేయడానికి ఒప్పుకున్నారు. సాగు ఎవరిది వాళ్లదే, భూమి ఊరిది. బయటివాడు కొనలేడు. ఈ గ్రామదానం అనే ఆలోచనకు మూలం వెతికితే మన అప్పటి నల్గొండ జిల్లా పోచంపల్లికి వస్తాం. 1951 ఏప్రిల్ 18న అక్కడ వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నప్పుడు వినోబా భావే భూదానం మొదలైంది, దాని నుంచి గ్రామదానం పుట్టింది. తెలంగాణలో దానమిచ్చిన భూములు ఎటు పోయాయో అందరికీ తెలుసు. అరవై ఏళ్ల తర్వాత ఆ విత్తనం ఒక గోండు ఊరిలో మొలకెత్తడం నాకు విచిత్రంగానూ సంతోషంగానూ ఉంటుంది. దానిలో ఇబ్బందులు ఉన్నాయి. గ్రామదానాన్ని కొనసాగించడం కేవలం ఊరి ఇష్టంతో పోయే పని కాదు, ప్రభుత్వ కాగితాలతో ముడిపడింది.

మేండా ఒక్కటే ఉదాహరణ అయితే అది ఏదో అరుదైన ఊరు అని తోసేయవచ్చు. అదే 2013లో మన శ్రీకాకుళం, విజయనగరం కొండలకు అవతల ఒడిశా నియమగిరిలో ఇంకో సంగతి జరిగింది. బాక్సైట్ గని కోసం ఆ కొండను తవ్వాలా అనేది అక్కడి గ్రామసభలే చెప్పాలని ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కొండ చుట్టూ వందకు పైగా ఊళ్లు ఉంటే ఒడిశా ప్రభుత్వం పన్నెండింటినే ఎంచుకుంది. కొన్ని ఊళ్లలో ఓటర్లు పదుల్లోనే ఉన్నారు. జిల్లా జడ్జి ముందు డోంగ్రియా కోదు ఆడవాళ్లు, మగవాళ్లు ఒక్కొక్కరే లేచి తమ భాషలో మాట్లాడారు. నియమరాజు కొండ అమ్మకానికి లేదన్నారు. జులై, ఆగస్టు నెలల్లో పన్నెండు సభలూ ఒక్కటి తప్పకుండా వద్దన్నాయి. మరుసటి ఏడాది మొదట్లో కేంద్ర ప్రభుత్వం గనికి అనుమతి నిరాకరించింది. సంతకం పెట్టడం రానివాళ్లు చాలామంది ఉన్న సభలు అవి. సభ నడపడానికి బడి చదువు తప్పనిసరి అని వాదించేవాళ్లకు ఆ పన్నెండు ఊళ్లను చూపించాలి.

ఇక మన ఇంటి సంగతి. కోర్టు తీర్పుల్లో మనం వెనకబడి లేము. 1970 నాటి భూబదలాయింపు నిబంధన మనకు ఉంది, అనంతగిరి, బొర్రా ప్రాంత గనుల కేసులో 1997 జులై 11న వచ్చిన సమతా తీర్పు దేశమంతటికీ దారి చూపింది. పెసా కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లోనే తన పంచాయతీ చట్టాన్ని సవరించింది. కానీ దాన్ని అమలు చేసే నియమాలు 2011లో గానీ రాలేదు. పదమూడేళ్లు! ఆ నియమాల ప్రకారం ఆవాసాల్లో గ్రామసభలు ఏర్పడ్డాయి, వాటికి ఉపాధ్యక్షులను, కార్యదర్శులను ఊరే ఎన్నుకుంది. చాలా గూడేల్లో వాళ్ల పేర్లు కాగితం మీద మిగిలాయి. సభ అంటే ఏదో పథకం కింద లబ్ధిదారుల జాబితాకు సంతకాలు తీసుకునే గంటసేపు అయింది. ఒక్కోసారి రిజిస్టరే ఇంటింటికీ తిరుగుతుంది, సభ కూర్చోదు.

అటవీ హక్కుల విషయంలో జరిగింది ఇంకా ఆలోచించవలసినది. మన రాష్ట్రంలో సామూహిక హక్కుల పేరుతో మొదట్లో ఇచ్చిన పత్రాలు చాలావరకు గ్రామసభల పేర కాదు, వన సంరక్షణ సమితుల పేర ఇచ్చారు. ఆ సమితులు అటవీశాఖ తన పథకాల కోసం పెట్టుకున్నవి. హక్కు గ్రామసభది అని చట్టం చెబుతుంటే, పత్రం శాఖ కమిటీకి వెళ్లింది. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇది చట్టవిరుద్ధమని చెప్పింది. కానీ ఆ రోజు గూడేల్లో ఎంతమందికి ఈ తేడా తెలుసు? తెలిసి ఉంటే వీఎస్ఎస్ పేరు చూడగానే పత్రం తిప్పి పంపేవాళ్లం. మేండాకు, మనకు మధ్య తేడా ధైర్యంలో లేదు, భీమ్ పుట్టిన నేల మనది. వాళ్లు వారానికో నెలకో ఒక పూట కూర్చుని చట్టం చదువుకున్నారు, మనం చదువుకోలేదు.

ఇది ఇప్పుడు మొదలుపెట్టలేనంత కష్టమేమీ కాదు. రాయి సెంటర్లు కూర్చుంటూనే ఉన్నాయి. దండారీకి, పుష్యమాసపు పూజలకు, నాగోబాకు మన ఊళ్లు కలుస్తూనే ఉన్నాయి. తగవులు తీరాక ఒక పూట ఒక చట్టంలోని ఒక్క పేజీని గోండిలోనో కొలామీలోనో, కోయలోనో, కువిలోనో చదివి చెప్పుకోవచ్చు. చదివినవాడు నిర్ణయం చెప్పకూడదు అనే మేండా నియమం మనమూ పెట్టుకోవచ్చు. మన ఉద్యోగులు, టీచర్లు, డిగ్రీ చదివిన పిల్లలు ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు ఈ పని వాళ్లది. ఆడవాళ్లకు వీలైన వేళ చూసి కూర్చోవాలి. పొద్దున పదింటికి సభ పెట్టి, చేను పనుల్లో ఉన్నవాళ్లు రాలేదని రాసుకోవడం మోసం.

మొదటి పేజీ ఏది అని అడిగే మిత్రులకు నా సూచన అటవీ హక్కుల నియమాల్లోని 13వ నియమం. ఊరి అడవి మీద హక్కు కోరేటప్పుడు ఏమేం సాక్ష్యంగా పనికొస్తాయో అందులో ఉంది. పాత రికార్డులు, పటాలు ఉన్నాయి. వాటితో పాటు హక్కు కోరినవాళ్లు కాని ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. బావులు, శ్మశానాలు, దేవర స్థలాలు సాక్ష్యమే. సామూహిక అటవీ వనరు కోసం నింపవలసింది ‘సి’ ఫారం, ‘ఏ’ ఫారం కాదు. సభలో ఊరివాళ్లు సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఏ గుట్ట దగ్గర మన పొలిమేర రాయి ఉండేదో, ఏ చెట్టు కింద పెన్ ఉండేదో, పశువులను ఏ వాగు దాకా తోలేవారో చెప్పగలిగిన తాతలు, అవ్వలు మన గూడేల్లో ఇంకా కొందరు ఉన్నారు. ఈ ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ఒక నోటుపుస్తకం పట్టుకుని ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి.